వీడియో ఉంది, అడుగు మాత్రం రావట్లేదు: చెక్కభజనను ఎట్ల భద్రం చేయాల?

పెన్న_ఇసుక
కళ్యాణదుర్గం పక్క చెక్కభజన జట్టు ఒకటి. చేతుల్లో చెక్కలు కొడుతూ, పాటకు అడుగులేస్తూ గుండ్రంగా తిరిగే ఆట ఇది. 14 మంది, అంటే ఏడు ఉద్దులు (జతలు). గురువుకు 22 అడుగులు వచ్చు. ఆయనకు వయసు మీద పడింది, మోకాళ్ళు సహకరించడం లేదు. అందుకని రెండు సాయంత్రాలు ఆయన్ని కూర్చోబెట్టి, జట్టుతో ఆడించి మొత్తం వీడియో తీశాం, మూడు గంటలకు పైనే ఉంది. ఇప్పుడు పిల్లోళ్ళు అది చూసి నేర్చుకోవాలంటే 22లో ఆరే పట్టుబడినాయి. మిగతావి చూస్తే అర్థమైనట్టే ఉంటాయి, లేచి నిలబడితే కాళ్ళు చిక్కుపడతాయి. సాంస్కృతిక వారసత్వం భద్రపరచడం అంటే వీడియో తీయడమే అని అందరూ చెప్తారు కదా, మరి లోపం యాడుంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

కుందూ_గట్టు
కెమెరా యాడ పెట్టినారు?

పెన్న_ఇసుక
రామాలయం మెట్ల మీద, స్టాండుకు ఫోను బిగించి. జట్టు ఎదురుగా, 15 మీటర్ల దూరంలో.

తాళం_తప్పొద్దు
సగం జవాబు అక్కడే ఉండాది. గుండ్రంగా తిరిగే ఆటను ఎదురుగా నిలబడి తీస్తే సగం మంది వీపులు, సగం మంది మొగాలు పడతాయి. ఎదురుగా ఉన్నోని కుడికాలు చూసే పిల్లోనికి ఎడమ పక్కన కనపడుతుంది. వాడు అద్దంలో చూసినట్టు ఎడమకాలు వేస్తాడు. ఒక్కడే ఆడితే ఫరవాలేదు. వలయంలో మాత్రం లోపలి కాలు, బయటి కాలు అని లెక్క. లోపలి కాలితో ఎత్తుకోవాల్సిన అడుగును బయటి కాలితో ఎత్తుకుంటే మలుపు దగ్గర ఉద్దిగాని భుజం వచ్చి తగులుతుంది. మీ పిల్లోళ్ళకు వచ్చిన ఆరు అడుగులూ బహుశా నిలబడినచోటే వేసేవి, లేదంటే వరసగా ఎదురెదురుగా ఆడేవి అయ్యుంటాయి, చూసుకోండి.

మళ్ళీ తీయండి, ఈసారి మూడు ఫోన్లతో. ఒకటి పక్క మిద్దె మీదనుంచి, వలయం మొత్తం పైనుంచి కనపడేటట్టు. దాంట్లో కాళ్ళు తెలీవు, కానీ ఎవరు ఏ దోవలో పోతున్నారో గీత గీసినట్టు తెలుస్తుంది. రెండోది ఒక్క ఆటగాని వెనక, నడుము నుంచి కిందికి మాత్రమే. వెనకనుంచి తీస్తే చూసేవాని కుడి ఎడమలు, ఆడేవాని కుడి ఎడమలు ఒకటే. మూడోది గురువు మొగమూ చేతులూ. మూడూ మొదలైనాక గురువు చెక్క ఒక్కసారి గట్టిగా కొట్టాల. ఆ దెబ్బను పట్టుకుని మూడు వీడియోలనూ తర్వాత కలుపుకోవచ్చు.

ఒక్కో అడుగునూ ఆటలో కలిపి తీయడం చాలదు. ముందు అడుగు పేరు నోటితో చెప్పించండి. తర్వాత ఒక్కడు నిదానంగా నాలుగు ఆవృత్తాలు, నడిమి కాలంలో నాలుగు, పూర్తి వేగంలో నాలుగు. ఆ తర్వాత ఒక ఉద్ది. చివర జట్టంతా. 22 అడుగులకు రెండు సాయంత్రాలు చాలవు, ఐదారు పూటలు పడుతుంది.

సీమ_సౌండు
పొద్దు వాలినాక తీయడం ఇంకో తప్పు. వెలుగు తగ్గేకొద్దీ ఫోను తనంతట తానే షట్టరు నిదానం చేసుకుంటుంది, పాదాలు పొగలాగ వస్తాయి. పొద్దున ఏడింటికో, సాయంత్రం నాలుగున్నరకో తీయండి. సెకనుకు 60 ఫ్రేములు పెట్టుకోండి, నిదానంగా తిప్పి చూసినా కాలు విడివిడిగా కనపడుతుంది.

దూరం సంగతి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. 15 మీటర్ల దూరంలో ఫోను పెడితే చెక్క దెబ్బ 44 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. నిమిషానికి 180 దెబ్బల వేగంలో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండేది 333 మిల్లీసెకన్లే. అంటే కాలు పడినాక, దెబ్బల మధ్య ఎడంలో ఎనిమిదో వంతు వెనక్కి దెబ్బ వినపడుతుంది. చెవిని నమ్ముకుని నేర్చుకునే పిల్లోడు ప్రతి అడుగూ వెనకబడతాడు, ఎందుకో వానికీ తెలీదు. గురువు గడ్డానికి జానెడు కింద చిన్న మైకు తగిలించి శబ్దం వేరుగా పట్టండి. ఫోనులో రొద తగ్గించే సౌకర్యం ఉంటుంది, అది తప్పకుండా ఆపేయండి. గజ్జెల చప్పుడును అది రొద అనుకుని తుడిచేస్తుంది.

పెన్న_ఇసుక
గజ్జెలు వినపడకపోవడానికి కారణం ఇదా! ఫోను పాడైందనుకున్నాం.

హంద్రీ_గాలి
కెమెరా లెక్కలు బాగున్నాయి గానీ, నేను ఒప్పుకోను. అడుగు వీడియోలో ఉండదన్నా, ఉద్దిలో ఉంటుంది. కొత్తోన్ని ఇద్దరు తెలిసినోళ్ళ మధ్య నిలబెట్టాల. ఒకని వీపు చూస్తాడు, ఇంకొకని చెక్క వింటాడు, తప్పు అడుగు వేస్తే పక్కోడు మోచేత్తో పొడుస్తాడు. ఆ పోటే పాఠం. 14 మందిలో నలుగురి కంటే ఎక్కువ కొత్తోళ్ళను ఒకేసారి కలపగూడదు, ఇద్దరు కొత్తోళ్ళు పక్కపక్కన పడగూడదు. మీరు జట్టు మొత్తం పిల్లోళ్ళతో కట్టి, ముందర టీవీ పెట్టినారేమో?

పెన్న_ఇసుక
అవును, అట్లే చేశాం. పెద్దోళ్ళు ఆడేది మానేసినారు, కూర్చుని చెప్తారంతే.

హంద్రీ_గాలి
ఆ పెద్దోళ్ళలో ఆడగలిగే నలుగురిని లేపండి ముందు. నిదాన కాలంలో అయితే అరవై ఏళ్ళోళ్ళు కూడా ఆడతారు. వీడియో వాళ్ళకు అడుగు మర్చిపోయినప్పుడు గుర్తు చేసుకోడానికి, అంతే.

పాఠం_రాసేవాడు
రాత కూడా కావాల. 1928లో లాబన్ అనే నాట్యకారుడు కనిపెట్టిన నాట్యలిపి ఉంది, కానీ దాన్ని చదివేవాళ్ళు మన పల్లెల్లో లేరు. మన తెలుగులోనే రాసుకోవచ్చు. కాకపోతే రాసేటప్పుడు అందరూ ఒక విషయం వదిలేస్తారు, ఒంటి బరువు ఏ కాలి మీద ఉందన్నది. "వేయి" అంటే బరువు ఆ కాలి మీదికి పోవాల. "తట్టు" అంటే మునివేళ్ళు నేలకు తగిలి లేస్తాయి, బరువు రెండో కాలిమీదే ఉంటుంది. ఈ తేడా రాయకపోతే ఒక ఆవృత్తం సరిగ్గా వస్తుంది, రెండోదానికి ఏ కాలు ఎత్తాలో తెలీక ఆగిపోతారు.

ఎనిమిది లెక్కల మామూలు అడుగు ఒకటి రాస్తా చూడండి. 1 కుడి ముందుకు వేయి, 2 ఎడమ ముందుకు వేయి, 3 కుడి ముందుకు వేయి, 4 ఎడమ తట్టు. 5 ఎడమ వెనక్కి వేయి, 6 కుడి వెనక్కి వేయి, 7 ఎడమ వెనక్కి వేయి, 8 కుడి తట్టు. ఎనిమిదో లెక్కకు బరువు ఎడమ మీద ఉంది, కుడి ఖాళీ. కాబట్టి మళ్ళీ ఒకటికి కుడి లేస్తుంది. నాలుగో లెక్కలో "తట్టు" బదులు "వేయి" అని రాసినామనుకోండి, ఐదుకు ఎత్తాల్సిన ఎడమ మీదే బరువు ఉండిపోతుంది. కాళ్ళు చిక్కుపడడం అంటే ఇదే. మీ పిల్లోళ్ళు తప్పే చోట్లు చూడండి, తట్టు ఉన్నచోటే తప్పుతూ ఉంటారు. వీడియోలో తట్టుకూ వేతకూ తేడా కనపడదు, మోకాలి వంపు చూడ్డం తెలిస్తే తప్ప.

తాళం_తప్పొద్దు
పైన వెనకనుంచి నడుము కిందికి తీయమన్నది దీనికే. బరువు పడిన కాలి మడమ నేలకు ఆనుతుంది, తట్టిన కాలిది ఆనదు.

తుంగా_తీరం
కర్నూలులో కోలాటం జట్లు వీధికొకటి ఉన్నాయి, ఆడవాళ్ళే వందల మంది. కానీ పాడేవాళ్ళు లేరు. పెన్‌డ్రైవ్ పెట్టి ఆడతారు. పాడే గురువు ఉంటే పల్లవి ఎన్నిసార్లు తిప్పాలన్నది ఆట చూసి నిర్ణయిస్తాడు, ఎవరైనా వెనకబడితే చరణం సాగదీస్తాడు, అందరూ కుదురుకున్నాక కాలం పెంచుతాడు. పెన్‌డ్రైవుకు కళ్ళు లేవు. నిదానం నుంచి ఉరుకు దాకా పోయే ఎక్కుదల మొత్తం పోయింది, మొదటినుంచి చివరిదాకా ఒకటే నడక. ఇది భద్రపరచడమా?

గౌరమ్మ_కోలు
తుంగా అన్నా, ఆ మాట కొంచెం నిదానంగా అనాల. ఆ పెన్‌డ్రైవ్ వల్లనే ఇంటిపని ముగించుకుని రాత్రి ఎనిమిదింటికి ఆడవాళ్ళు వీధిలోకి వస్తున్నారు. ఒకప్పుడు చెక్కభజనలో ఆడవాళ్ళను కలుపుకునేవాళ్ళే కాదు. ఆటపాటల్లాంటి వారసత్వం కోసం యునెస్కో చేసిన 2003 ఒప్పందంలో కూడా ఈ వారసత్వాన్ని సముదాయాలు ఎప్పటికప్పుడు తిరిగి సృష్టించుకుంటాయని రాసి ఉంది. "అసలైనది" అన్న కొలబద్ద కట్టడాలకు పనికొస్తుంది, ఆటపాటలకు కాదని 2004లో జపాన్‌లోని నారాలో కూర్చున్న నిపుణులు యమాటో ప్రకటనలో తేల్చి చెప్పినారు.

తుంగా_తీరం
మారడం తప్పని నేను అనలేదక్కా. మారితే మారనీ. పాడే గొంతు ఒక్కటైనా జట్టులో ఉండాలంటున్నా. పదిమంది ఆడేచోట ఒక్కరు పల్లవి ఎత్తుకుంటే చాలు.

గౌరమ్మ_కోలు
ఆ మాటకు సరే. వారంలో ఒకరోజు పెన్‌డ్రైవ్ లేకుండా సాధన పెట్టుకోవచ్చు. మొదటి రెండు పాటలు పాడుకుని ఆడి, తర్వాత పెట్టెకు వదిలినా మేలే.

కొత్త_చిగురు
ఇవన్నీ ఎందుకు, యునెస్కో జాబితాలో పెట్టిస్తే సరిపోదా? గుజరాత్ గర్బా ఎక్కింది కదా.

కడప_రాయి
ఎక్కింది, 2023లో. 2021లో కోల్‌కతా దుర్గాపూజ, 2025లో దీపావళి. చూసినావా, రెండేళ్ళకొకటి. దేశాలు ఎక్కువ, చూడగలిగే దస్త్రాలు తక్కువ కాబట్టి ఒక్కో దేశానికి రెండేళ్ళకు ఒకటి గ్యారంటీగా తీసుకుంటారు. నాట్యాల్లో ఛౌ, కాల్బేలియా 2010లోనే ఎక్కినాయి. మన కూచిపూడే ఇంతవరకు లేదు, చెక్కభజన వరసలో ఎంత వెనక ఉంటుందో లెక్కేసుకో. ఒకవేళ ఎక్కినా ప్రాతినిధ్య జాబితాలో పేరు చేరినంత మాత్రాన జట్టుకు నెలనెలా డబ్బు రాదు.

అట్లని ఆ ఒప్పందం పనికిరాదని కాదు. దాంట్లో మనకు పనికొచ్చేది 12వ అధికరణం, పట్టిక తయారు చేయడం. ఏ ఊర్లో ఏ ఆట ఉంది, ఎవరు ఆడతారు, ఎప్పుడు ఆడతారు, ఎవరు నేర్పుతారు, ఏ వస్తువులు కావాల, ఏది తగ్గిపోతోంది. 15వ అధికరణం ప్రకారం ఆడేవాళ్ళను కలుపుకునే చేయాల. దేశం మొత్తానికి ఆ పని సంగీత నాటక అకాడమీ చూస్తుంది, కానీ మండలం పట్టిక ఎవరైనా మొదలుపెట్టొచ్చు. ఒక హెచ్చరిక: 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినాయి. పాత రాతల్లో అనంతపురం జిల్లా అని ఉన్న నిమ్మలకుంట ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది, కర్నూలు జిల్లా అని ఉన్న అహోబిలం నంద్యాలలో ఉంది. పట్టికలో ఊరూ మండలమూ రాసి, జిల్లా పాతదీ కొత్తదీ రెండూ పెట్టండి. లేకపోతే ఒకే జట్టు రెండుసార్లు వస్తుంది, ఒక జట్టు అసలు రాదు.

మల్లన్న_డమరుకం
"ఏ వస్తువులు కావాల" అన్నారు కదా, అక్కడే ఉంది గొరవయ్యల సంగతి. కర్నూలు జిల్లా దేవరగట్టు మాళమల్లేశ్వర స్వామి దగ్గర ఆ దేవుని భక్తులైన గొరవయ్యలు ఆడతారు. నల్ల కంబళి అంగీ, ఒక చేతిలో డమరుకం, ఒక చేతిలో పిల్లనగ్రోవి, మెడలో బండారు (పసుపు) సంచి, తలమీద ఎలుగుబంటి బొచ్చు టోపీ. ఎలుగుబంటి 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు. కొత్తగా తోలు సంపాదించడం నేరం, అమ్మినా కొన్నా నేరమే, అది అట్లే ఉండాల కూడా. కాబట్టి ఇప్పుడు ప్లాస్టిక్ బొచ్చు టోపీలు వచ్చినాయి. దాంతో చిక్కు ఏమంటే, ఆట మొత్తం తల విసురులో ఉంది. ప్లాస్టిక్ బొచ్చు తేలిక, తల ఆపినాక కదలదు. అసలు బొచ్చు బరువుగా ఉండి, తల ఆగినాక ఒక క్షణం ఊగి ఆగుతుంది. ఆ ఊగు కోసమే డమరుకం దెబ్బ ఒక లెక్క ఆగి పడుతుంది. టోపీ తేలికైతే ఆ ఆగే లెక్కకు అర్థం లేకుండా పోతుంది, కుర్రగొరవయ్యలు దాన్ని ఎగరగొట్టేస్తున్నారు.

దారి ఉంది. నల్లమేక పొడుగు వెంట్రుకలు గోనెగుడ్డకు కుచ్చులు కుచ్చులుగా కుట్టి, అంచుకు లోపల సన్నని ఇసుక పట్టీ పెడితే బరువు వస్తుంది.

గొర్రెబొచ్చు
కంబళి గురించీ చెప్పాల. ఆ అంగీకి ముతక నల్ల ఉన్ని కావాల, అది దక్కని గొర్రెది. మాంసం ధర చూసి మందల్లో బొచ్చులేని నెల్లూరు జాతి పెరిగిపోయింది. ఉన్ని కత్తిరించేవాళ్ళు, వడికేవాళ్ళు, నేసేవాళ్ళు వరసగా తగ్గినారు. మిల్లు గుడ్డతో కుట్టిన అంగీ తిరిగేటప్పుడు ఒంటికి చుట్టుకుంటుంది. కంబళి అయితే గొడుగులాగ విచ్చుకుని నిలబడుతుంది. నాట్యం పట్టికలో గొర్రె జాతి పేరు కూడా రాయండి, నవ్వులాటకు కాదు.

హంద్రీ_గాలి
గొర్రెను కూడా సంగీత నాటక అకాడమీలో చేర్పించేట్టున్నావే! మాట మాత్రం నూటికి నూరు పాళ్ళు నిజం.

అక్కమ్మ_ఉరుము
అనంతపురం ఉరుములకూ ఇదే కథ. ఉరుము రెండు మూతల వాద్యం, మెడకు వేలాడుతుంది. ఒక మూత మీద పుల్లతో కొడతారు, రెండో మూత మీద వంపు పుల్లతో రాస్తారు. ఆ రాపిడికే మేఘం ఉరిమినట్టు మూలుగు వస్తుంది. ప్లాస్టిక్ మూత వేస్తే కొట్టుడు బాగానే పలుకుతుంది గానీ రాపిడి పలకదు, పుల్ల జారిపోతుంది. తోలుకే ఆ పట్టు. వానాకాలం తోలు సడలి మూలుగు తగ్గితే, సన్న సెగ దగ్గర దూరంగా పట్టి నిదానంగా తిప్పాల, తొందరపడితే అంచు దగ్గర చీలుతుంది. ఆటలో అడుగు కొట్టుడును పట్టుకుని పోతుంది, ఒళ్ళు వంగడం లేవడం మాత్రం రాపిడిని పట్టుకుని పోతుంది. కొట్టుడు ఒక్కటే మిగిలితే కాళ్ళు ఆడతాయి, నడుము ఆడదు. స్టేజీ మీద పది నిమిషాల్లో ముగించమన్నప్పుడు ముందు పోయేది ఆ నిదానమైన రాపిడి భాగమే.

చిర్ర_చిటికెన
దప్పుకూ ఒక మాట. ఫైబరు దప్పులు వచ్చినాక సెగ పట్టే పని లేదు, వానలోనూ మోగుతాయి, వాయించేవాళ్ళకు మేలే, వద్దనను. కానీ మేకతోలు దప్పు బిగించడం తెలిసినోళ్ళు తగ్గిపోతున్నారు. చెక్క గుండుకు (గుండ్రని చట్రానికి) చింతగింజల పిండి జిగురు రాసి, నానిన తోలు లాగి అతికించి, నీడలో ఆరబెట్టాల. ఎండలో పెడితే ఒక పక్క ముందు ఆరి గుండు వంకర పోతుంది.

ఇంకొకటి, ఎవరూ రాయడం లేదు కాబట్టి నేను రాస్తున్నా. దప్పు, ఉరుము వారసత్వం అంటున్నాం. వాయించే మనిషిని గుడి బయట నిలబెట్టి, వేరే గ్లాసులో నీళ్ళు పోసే ఊర్లు ఇంకా ఉన్నాయి. ఆ ఇంటి పిల్లోడు చదువుకున్నాక దప్పు ముట్టుకోనంటే తప్పు వానిది కాదు. పట్టికలో ఆట గురించి రాసేటప్పుడు ఆ మనిషికి ఊర్లో ఇచ్చే మర్యాద గురించీ రాయాల. ఊరేగింపులో ముందు నడిచేవానికి భోజనం బంతిలో చోటు ఉందా లేదా? అది రాయకుండా ఎన్ని వీడియోలు తీసినా ఆట నిలబడదు.

తాళం_తప్పొద్దు
చిర్ర అన్న చెప్పింది మిగతా అన్నింటికంటే ముందు రావాల్సిన మాట.

గుండం_చుట్టూ
కొన్నింటిని స్టేజీ ఎక్కించకపోవడమే భద్రపరచడం. అనంతపురం జిల్లా గూగూడు కుళ్ళాయిస్వామి పీర్ల పండగలో నిప్పుల గుండం చుట్టూ ఆడేది మొక్కు. హిందువులూ ముస్లింలూ కలిసి ఆడతారు. మొహర్రం చాంద్రమానం కాబట్టి ఏడాదికి పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. నిరుటి తేదీ చూసుకుని కెమెరాతో వస్తే పండగ అయిపోయి ఉంటుంది. ఉగాదికి స్టేజీ మీద ఆ ఆట ఆడించండి అని అడిగేవాళ్ళు ఉన్నారు. నిప్పు లేకుండా, రాత్రి లేకుండా, మొక్కు లేకుండా అది ఏమి ఆట అవుతుంది?

గౌరమ్మ_కోలు
జడకోపు గురించి ఎవరూ ఎత్తలేదు. భద్రపరచడంలో అన్నింటికంటే నమ్మకమైంది అదే, ఎందుకంటే తప్పు తనంతట తానే బయటపడుతుంది. పైన కొక్కేనికి రంగు తాళ్ళు కట్టి, ఒక్కొక్కరు ఒక్కో తాడు పట్టుకుంటారు. సరి సంఖ్య ఉండాల, ఎనిమిది మందితో మొదలుపెట్టండి. ఒకటి, మూడు, ఐదు, ఏడు కుడికి, మిగతావాళ్ళు ఎడమకు. మొదట ఎదురైనవాళ్ళకు బయటనుంచి, తర్వాత ఎదురైనవాళ్ళకు లోపలనుంచి, అట్లే మార్చి మార్చి. జడ అల్లుకుంటుంది. విప్పాలంటే అదే దోవలో వెనక్కి తిరగాల. ఒక్కరు ఒక్కసారి లోపలికి బదులు బయటికి పోయినా ఆ చోట ముడి పడి జడ విడదు. ఎవరు తప్పినారో తాడు రంగే చెప్తుంది.

కొక్కెం 12 అడుగుల ఎత్తులో ఉంటే తాడు 15, 16 అడుగులు పెట్టుకోండి. చేయి ఎత్తు నాలుగు అడుగులు, వలయం ఎనిమిది అడుగుల వ్యాసార్ధం అనుకుంటే, వట్టిగా చాచడానికే పదకొండు అడుగులకు పైన పోతుంది. మిగిలిందే జడ. పన్నెండు అడుగుల తాడు కట్టి, రెండు చుట్లకే అందరూ మధ్యలో ఇరుక్కుపోయే జట్లు చాలా ఉంటాయి. నైలాన్ తాడు వద్దు, జారుతుంది. నూలు తాడు మేలు.

పెన్న_ఇసుక
అక్కా, పిల్లోళ్ళకు ముందు ఇదే నేర్పిస్తే దోవ తప్పకుండా నడవడం అలవాటవుతుందేమో. చెక్కభజన మలుపుల్లోనూ లోపల బయట లెక్కే కదా.

గౌరమ్మ_కోలు
అవుతుంది. రెండు వారాలు జడకోపు, తర్వాత చెక్కలు ఇవ్వండి.

పాఠం_రాసేవాడు
చెక్కలు కూడా చూసి ఇవ్వండి. పెద్దోళ్ళ చెక్కలు పదేళ్ళ పిల్లోని చేతికి ఇస్తే బొటనవేలు నొప్పి పుట్టి, దెబ్బ కోసం మణికట్టు విసురుతాడు. దాంతో భుజం లేస్తుంది, అడుగు చెడుతుంది. పచ్చి కొయ్యతో చేయించొద్దు, ఎండేటప్పుడు పగిలి బిళ్ళల మేకులు వదులవుతాయి. సిమెంటు నేల మీద రోజూ సాధన వద్దు, మోకాలి కింద ఎముక నొప్పి పెడుతుంది. మట్టి నేల తడిపి చదును చేసుకోండి.

కడప_రాయి
వీడియో యూట్యూబులో పెట్టేముందు ఒక్క పని చేయండి. జట్టులో 14 మందీ, గురువుతో సహా, సంతకమో వేలిముద్రో పెట్టిన కాయితం తీసుకోండి. దేనికి వాడుకుంటారో తెలుగులో రాయండి, చదివి వినిపించండి. 1957 కాపీరైటు చట్టం 38వ సెక్షను ప్రకారం ఆడినవాళ్ళకు తమ ప్రదర్శన మీద 50 ఏళ్ళు హక్కు ఉంటుంది. గురువు ఏదైనా అడుగు బయటికి చూపించొద్దంటే, దాన్ని తీసి జట్టు దగ్గరే ఒక కాపీ ఉంచండి. అన్నీ ఒకే ఫోనులో పెట్టుకోవద్దు. మూడు కాపీలు, ఒకటి వేరే ఊర్లో.

పెన్న_ఇసుక
అందరి మాటా కలిపి ఇట్ల అనుకుంటున్నాం. ఆడగలిగిన పెద్దోళ్ళు నలుగురు దొరికినారు. ఒక్కొక్కరి పక్కన ఒక్కో పిల్లోడు, అంతకంటే ఎక్కువ లేదు. పొద్దున ఏడింటికి, రోజుకు నాలుగు అడుగులు, ఆరు రోజులు. మిద్దె మీద ఒక ఫోను, కాళ్ళ వెనక ఒకటి, గురువు దగ్గర ఒకటి. తట్టు, వేత పుస్తకంలో వేరుగా రాస్తాం. ఒక్క అనుమానం. గురువు కొన్ని అడుగులకు పేర్లు మర్చిపోయినారు. వాటికి మేమే పేర్లు పెట్టుకోవచ్చా?

తాళం_తప్పొద్దు
పెట్టొద్దు. ఆ అడుగు ఏ పాటకు వేసేవాళ్ళో అడిగి, ఆ పల్లవి మొదటి మాటతో రాసుకోండి. పాట ఎత్తుకుంటే ఆయనకే పేరు గుర్తొచ్చినా రావచ్చు.

హంద్రీ_గాలి
పక్క ఊర్లో ఆయనతో కలిసి ఆట నేర్చుకుని గజ్జెపూజ చేసుకున్న ముసలాయన ఎవరన్నా ఉంటే, ఆయన్ని కూడా ఆ ఆరు రోజులు పిలిపించండి. ఇద్దరూ కూర్చుంటే ఒకరు మర్చిపోయింది ఒకరు అందిస్తారు. అప్పుడు మైకు మాత్రం ఆపొద్దు.